పందొమ్మిది అంగుళాల చేప

“ఏం ఫోటోలు వేసుకుంటావు నాయనా?” అని అడిగింది జోలీన్.

ప్రింటర్లమ్మే మనిషి అడగాల్సిన ప్రశ్నే అది. ఏం వేస్తావో తెలియకుండా ఏది కొనాలో ఎవరు చెప్పగలరు? జవాబు కూడా పెద్దదేం కాదు. ఇంటి దగ్గర బండెక్కబోతుంటే భార్య మార్నీ కిటికీలోంచి వంగి మరీ చెప్పి పంపింది. “నలుపు తెలుపు ఫోటో అని చెప్పు. పసిబిడ్డ ముఖం అని చెప్పు. దానికి ఏది బాగుంటుందో వాళ్ళనే అడుగు. నీకు నువ్వే తేల్చేసుకుని రాకు, లెస్.”

లెస్ ఒరావెట్జ్ నోరు తెరిచాడు. పసిబిడ్డ అంటే ఈవిడ ఊరుకోదు. పాపా, బాబా అంటుంది. ఎన్నో నెల అంటుంది. ఫోన్లో ఉంటే చూపించమంటుంది. వెనక వరసలో నిలబడ్డ ముసలాయన కూడా మెడ సాచి చూస్తాడు. అప్పుడేం చెప్పాలి? పుట్టేటప్పటికే ప్రాణం లేదని చెప్పాలి. గోడ నిండా టీవీలు మోగుతున్న షాపులో, ఎర్ర చొక్కా వేసుకున్న మనిషితో.

“చేపలు,” అన్నాడు లెస్.

“ఓహో! వాలైలేనా?”

“ఆఁ, వాలైలే.”

ఈరీ సరస్సు ఒడ్డున, మార్చి నెలలో, మగవాడు ఆడగలిగే అబద్ధాల్లో ఇంతకంటే తేలికైంది లేదు. మంచు కరిగిందంటే చాలు, శాండస్కీలో సగం ఊరు నదిలో నడుంలోతు నీళ్ళలో నిలబడి ఉంటుంది. వాలై పడిన ప్రతివాడూ దాన్ని దవడ కింద పట్టుకుని, పొట్టకి ఆనించుకుని ఫోటో దిగుతాడు. చేప అన్నాక ఎదుటివాడు మరో ప్రశ్న వెయ్యడు, తన చేప సంగతి ఎత్తుకుంటాడు. జోలీన్ కూడా అదే చేసింది.

“మా మరిది బడ్‌కి పోయినేడు చెయ్యంత పొడుగుది పడింది. నీ టోపీ మీద పేరున్న ఫౌండ్రీలోనేగా వాడు? వాడి గోల భరించలేక చచ్చాం. చేపలకైతే రంగులు మెరవాలి నాయనా. ఆ వీపు పచ్చదనం, ఆ పొట్ట మీద బంగారం. ఇదిగో, ఇది తీసుకో. నాలుగు రంగులది. ఈ నిగనిగలాడే కాగితం మీద వేశావంటే చేప బల్ల మీంచి ఎగిరి పడుద్ది.”

లెస్ కళ్ళు పక్క బల్ల మీదకి పోయాయి. అక్కడ వెడల్పాటి నల్ల మిషను ఒకటి ఉంది. దాని ముందు ఎవరో ముసలావిడ ముఖం, నలుపు తెలుపులో. ముడతలు ముడతల్లాగే ఉన్నాయి. ఎక్కడా వేరే రంగు ఛాయ లేదు.

“అదా?” అంది జోలీన్ అతని చూపు పట్టుకుని. “అందులో బూడిద రంగు ఇంకులు వేరే ఉంటాయి. నలుపు తెలుపు పిచ్చోళ్ళకి. మామూలు మిషన్లు ఉన్న రంగుల్నే కలిపి బూడిద రంగు చేస్తాయి కదా, ఎక్కడో కాస్త ఆకుపచ్చ కొట్టుద్ది, లేదంటే గులాబీ కొట్టుద్ది. చేపకి ఎవడు చూస్తాడు? నీకెందుకు అది!”

“నాకెందుకు,” అన్నాడు లెస్.

తెలిసి అన్నాడు. అదీ సంగతి. తెలియక తప్పు మిషను కొన్నవాణ్ణి ఎవరూ ఏమీ అనరు. ఇతనికి కావలసింది కళ్ళెదుటే ఉంది. ఎందుకు కావాలో ఆవిడ నోటితోనే చెప్పింది. చెయ్యి చాపితే అందుతుంది. నాకెందుకు అన్నాడు, చేపల మిషను చంకన పెట్టుకుని వచ్చాడు.

లెస్ నోరు లేని మనిషేం కాదు. బ్రేకు డ్రమ్ములు పోతపోసే మా ఫౌండ్రీలో ఆ నోరు చూసే అతన్ని యూనియన్ ప్రతినిధిగా ఎన్నుకున్నాం. బడ్ సవతితల్లి పోయినప్పుడు, సవతితల్లంటే కుటుంబం కిందికి రాదు, మూడు రోజుల చావు సెలవు ఇవ్వం అంది కంపెనీ. లెస్ ఆఫీసు బల్ల గుద్దాడు. కాఫీ కప్పు దొర్లి మేనేజరు ఒళ్ళో పడేదాకా గుద్దాడు. ఇప్పించాడు. అలాంటి మనిషి జనవరిలో సొంతబిడ్డ పోతే ఫోర్మన్‌కి ఫోన్ చేసి, “మార్నీకి నిలవలేదు. నాకు ఒంట్లో బాగోలేదని రాసుకో,” అన్నాడు.

నిలవలేదు. ఆ మాటకి మూడో నెలా ఒకటే, తొమ్మిదో నెలా ఒకటే. విన్నవాళ్ళు బూట్ల వంక చూసుకుని అయ్యో పాపం అన్నారు, పనిలో పడ్డారు. ఎన్నో నెలని ఎవరూ అడగలేదు. నెలలు నిండిన బిడ్డ అనీ, నల్లటి జుట్టుందనీ, టెస్ అని పేరు పెట్టుకున్నారనీ ఎవరికీ తెలియదు. కంపెనీకి సిగ్గులేదని రోజూ గొంతు చించుకునేవాడు, కూతురి చావుని ఒంట్లో నలత కింద రాయించాడు. వాళ్ళు అడక్కముందే వాళ్ళ పని తనే చేసిపెట్టాడు.

ఆస్పత్రిలో ఒకావిడ కెమెరా పట్టుకుని వచ్చింది. డబ్బు తీసుకోకుండా ఇలాంటి బిడ్డలకి ఫోటోలు తీసే మనిషి. పెదాలు అప్పటికే నల్లబడ్డాయి, రంగులో తీస్తే మీరు చూసుకోలేరు అంది. నలుపు తెలుపులో తీసింది. అందులో టెస్ కునుకు తీస్తున్నట్టు ఉంది. నర్సు దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి మార్నీ చేతికిచ్చింది. అది వంటింటి సొరుగులో, సీసా మూతలు తీసే ఓపెనరు పక్కన, ఇన్నాళ్ళూ పడి ఉంది.

మందుల షాపులో ఫోటోలు వేసే మిషనుంది. మార్నీ ఒప్పుకోలేదు. అక్కడ కౌంటరు వెనక కూర్చున్న కుర్రాడు ఒక్కో ఫోటో తిప్పి చూసి కవర్లో పెడతాడు. దగ్గుమందు కోసం నిలబడ్డవాడు తొంగి చూస్తాడు. “దాన్ని వాళ్ళ ముందు పడుకోబెట్టను. మనింట్లోనే రావాలి,” అంది. అడిగింది అదొక్కటే.

ఆ మధ్యాహ్నం లెస్ మిషను ఇంటికి తెచ్చేసరికి మార్నీ వంటింటి బల్ల తుడిచి, శుభ్రమైన తువ్వాలు పరిచి ఉంచింది. పసిదానికి స్నానం చేయించడానికి కొన్న తువ్వాలు. లెస్ ఇంకులు బిగించాడు, కాగితం పెట్టాడు. మిషను లోపల ఏదో అటూ ఇటూ గీరుతూ కదిలింది. మార్నీ కాగితం జారి కింద పడకుండా రెండు చేతులూ పట్టి దాని ముందు నిలబడింది.

ముందు అల్లిన టోపీ వచ్చింది. తర్వాత నుదురు. మూసిన కళ్ళు. చెంపలు. కాగితం మార్నీ చేతుల్లోకి దిగింది.

మార్నీ దాన్ని దీపం కింద పట్టుకుంది.

“లెస్, దీని ముఖం పచ్చగా ఎందుకుంది?”

“లైటు వల్ల అనుకుంటా. కిటికీ దగ్గర చూడు.”

కిటికీ దగ్గర గులాబీ రంగు కొట్టింది. దీపం కిందికి తెస్తే మళ్ళీ పచ్చ. నిలవనీటి మీద తేలే పచ్చ. లెస్ మిషను మీద మీటలన్నీ నొక్కాడు. ఒక్క నలుపు ఇంకుతోనే వెయ్యమంటే చెంపల మీద మిరియాలపొడి చల్లినట్టు చుక్కలొచ్చాయి. మార్నీ అది చూడలేక బోర్లా పెట్టింది.

“షాపులో అడిగావా?”

“అడిగాను.”

“నలుపు తెలుపని చెప్పావా?”

“చెప్పాను. ఇదే మంచిదన్నారు.”

నమ్మింది. ఎందుకు నమ్మదు? అందరి తరఫునా అడగడమే పనిగా పెట్టుకున్న మనిషి కదా మొగుడు. పచ్చటి కాగితాన్ని మళ్ళీ దీపం కింద పట్టుకుంది.

“అయితే తప్పు మిషనుది కాదు. టెస్ అలాగే ఉందేమో. నాకు వేరేగా గుర్తు, లెస్. తెల్లగా, కాస్త బూడిద బూడిదగా... మందుల మత్తులో ఉన్నానుగా. తప్పు గుర్తుపెట్టుకున్నానేమో. నువ్వు మత్తులో లేవు. చెప్పు, ఇలాగే ఉందా?”

అప్పుడైనా చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా.

“ఏమో,” అన్నాడు లెస్.

సోమవారం బ్రేక్ రూమ్‌లోకి అడుగుపెట్టాడో లేదో బడ్ అందుకున్నాడు. బడ్ భారీ మనిషి, నోరు ఇంకా భారీ.

“రండి రండి, చేపల ఫోటోగ్రాఫరు గారు! మా వదిన చెప్పింది లేరా. వాలైల కోసం ప్రింటర్ కొన్నావంట. మాకు తెలియకుండా ఎప్పుడు పట్టావురా దొంగసచ్చినోడా?”

“చోటు చెప్పకపోతే మానె, బరువు చెప్పమను,” అన్నాడు ఇంకొకడు.

“బరువెక్కడిది? ఉంటే కదా! సూపర్‌మార్కెట్లో పట్టి ఉంటాడు. ఐసుముక్కల మీద పడుకోబెట్టి ఉంటారుగా, దాన్ని.”

లెస్ చేతిలో శాండ్‌విచ్ ఆగిపోయింది. ఆస్పత్రిలో టెస్‌ని పెట్టిన తొట్టి అడుగున చల్లదనం కోసం ఏదో అమర్చారు. పక్కన నిలబడితే చేతులకి తగిలేది. బడ్‌కి అది తెలియదు. తెలిస్తే నాలుక కొరుక్కునేవాడు. కానీ ఆ మాట విన్నాక లెస్ ఏదో ఒకటి అనాలి, అతని బుర్రలో ఉన్న బరువు ఒక్కటే.

“ఆరు పౌన్ల రెండు ఔన్సులు,” అన్నాడు.

“అబ్బో! పొడుగు?”

“పందొమ్మిది అంగుళాలు.”

నవ్వులకి బల్లలు దద్దరిల్లాయి.

“పందొమ్మిది అంగుళాలకి ఆరు పౌన్లా? ఎవడికి చెప్తావురా? పందొమ్మిదికి రెండున్నర తూగితే గొప్ప. ఆరు తూగాలంటే ఇరవై ఆరుండాలి!”

“అది చేపా, గుమ్మడికాయా?”

“సీసం గుళ్ళు కుక్కి ఉంటాడు పొట్టలో. కోసి చూడండ్రా!”

ఇనుమును ఎక్కువ తక్కువలు చూసి పోసే మనుషులు మావాళ్ళు. చేప లెక్క ఇంకా బాగా తెలుసు. ఆ లెక్కలో తప్పు పట్టుకున్నామన్న సంతోషంలో కుర్చీల్లోంచి లేచి మరీ నవ్వారు. లెస్ కూడా నవ్వాడు. “నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి,” అన్నాడు కూడా.

నవ్వనిది ఎర్లీన్ ఒక్కతే. పెద్ద క్రేను నడిపే మనిషి, అరవై దగ్గరపడింది, ఇంటి నిండా మనవలు. ఆవిడ సూపు గిన్నెలో చెంచా అలాగే ఉంచి లెస్ వంక చూసింది. ఈ ఊళ్ళో పౌన్లూ ఔన్సులూ అంగుళాలూ కలిపి చెప్పుకునేవి రెండే. ఒకటి చేప. రెండోది ఏమిటో ఆ గదిలో ఆవిడకే తట్టింది.

“జుట్టుందా లెస్?” అని అడిగింది.

గది మళ్ళీ గొల్లుమంది. “చేపకి జుట్టేంటి ఎర్లీన్! నీకు కళ్ళజోడు మార్చాలి!”

లెస్ శాండ్‌విచ్ చెత్తబుట్టలో పడేసి బయటికి నడిచాడు. ఎర్లీన్ గుమ్మం దాటి వచ్చి వరండాలో అతని చొక్కా పట్టుకుని ఆపింది.

“పేరేంటి?”

“దేని పేరు?”

“నన్ను ఆటపట్టించకు. పేరేం పెట్టారు?”

“చేపకెవడైనా పేరు పెడతాడా?”

ఎర్లీన్ అతని చొక్కా వదిలేసింది. “వీళ్ళకి తెలియదు, నవ్వారు. నీకు తెలుసు, నవ్వావు. బడ్ సవతితల్లి కోసం బల్ల గుద్దినోడివి. నీ బిడ్డ కోసం ఒక్కరోజు అడిగావా? ఆ నోరు పరాయోళ్ళకేనా అద్దెకిచ్చేది?”

లెస్ కొలిమి వైపు వెళ్ళిపోయాడు. మర్నాడు నోటీసు బోర్డు మీద బొమ్మ వెలిసింది. బడ్ గీశాడు. గుమ్మడికాయంత పొట్ట ఉన్న చేప, నెత్తి మీద లెస్ టోపీ, కింద లావుపాటి అక్షరాల్లో బరువూ పొడుగూ. బాగా గీశాడు, పాపం. వచ్చేపోయేవాళ్ళు ఆగి నవ్వుకునేవాళ్ళు. ఆ వారమంతా లెస్ తన కూతురి బరువు ముందునుంచే పనిలోకి వెళ్ళాడు, పనిలోంచి వచ్చాడు. పీకి పారెయ్యాలంటే ఎందుకో చెప్పాలి. చెప్పలేదు. ఉంచాడు.

శుక్రవారం ఇంటికొచ్చేసరికి మార్నీ స్నానాలగదిలో అద్దం ముందు నిలబడి ఉంది. ఆ పచ్చటి ఫోటోని తన చెంపకి ఆనించుకుని అద్దంలో చూస్తోంది. ముందు ఒక చెంప. తర్వాత రెండోది. తర్వాత చొక్కా ఎత్తి పొట్ట దగ్గర పెట్టుకుంది.

“ఏం చేస్తున్నావు?”

“నా రంగుతో పోల్చి చూస్తున్నా.” గొంతు మామూలుగానే ఉంది, కూరలు ఎంచుతున్నట్టు. “ఈ పచ్చదనం ఒంట్లో ఏదో విషం ఉంటే వస్తుందేమో లెస్. నా నుంచే పట్టి ఉంటుంది. నేను తిన్నదో తాగిందో. సోమవారం డాక్టర్‌కి ఈ ఫోటో చూపించి అడుగుతా.”

లెస్ స్నానాలతొట్టి అంచు మీద కూలబడ్డాడు.

“విషం లేదు. ఆ రంగు మిషనుది.”

“మంచిదన్నారన్నావుగా?”

“అనలేదు. నేను అడగలేదు.”

మార్నీ ఫోటో దించింది.

“నలుపు తెలుపుకి వేరే మిషనుంది. పక్కనే ఉంది. చూశాను. ఆవిడ ఏం ఫోటోలని అడిగింది. చేపలన్నాను.”

“ఏమన్నావు?”

“చేపలు.”

“మన టెస్‌ని?”

అతను తలెత్తలేదు. మిగిలింది కూడా అప్పుడే కక్కేశాడు. “ప్లాంటులో బరువడిగారు. దాని బరువే చెప్పాను. నవ్వారు. బొమ్మ గీసి పెట్టారు.”

“పొడుగు కూడా చెప్పావా?”

“చెప్పాను.”

కుళాయి చుక్క చుక్కగా కారుతోంది. మార్నీ దాన్ని బిగించి కట్టేసింది.

“నువ్వు భయపడ్డావు, అది నాకు అర్థమవుద్ది,” అంది. “నేను కూడా ఊళ్ళో ఎవరైనా కనిపిస్తే పక్క సందులోకి తిరుగుతున్నా. కానీ నేను ఇక్కడ నిలబడి, అది ఇలాగే ఉందా, నాకు తప్పు గుర్తా అని నిన్నడిగాను. నీకు తెలుసు. తెలిసి ‘ఏమో’ అన్నావు. నా దగ్గర దాని ముఖం ఒక్కటే మిగిలింది లెస్. దాన్ని కూడా అనుమానించేలా చేశావు.”

“రేపే మార్చుకొస్తా.”

“ఏమని చెప్పి మారుస్తావు?”

“సరిగ్గా రావట్లేదని.”

“ఏది సరిగ్గా రావట్లేదు? చేపా?” గుమ్మానికి ఆనుకుని దారి మూసి నిలబడింది. “ఇక్కడ చెప్పు. నేనే ఆ షాపావిణ్ణి అనుకో. ఏం ఫోటోలు నాయనా?”

“మార్నీ...”

“ఏం ఫోటోలు?”

“మాకు ఒక పాప...”

“మాకు కాదు. నాకు అను. నీకు పుట్టలేదా?”

ఎంతసేపు పట్టిందో. సమ్మెలో పోలీసు బండ్ల ముందు నిలబడి మైకు లేకుండా మాట్లాడిన మనిషి, తొట్టి అంచు మీద కూచుని ‘నాకు’ అనే మాట కోసం తడుముకున్నాడు. చివరికి అన్నాడు. మార్నీ పక్కకి తప్పుకుంది. దగ్గరికి తీసుకోలేదు.

శనివారం కావడంతో షాపు నిండా జనం. లెస్ పెట్టె భుజాన వేసుకుని వరసలో నిలబడ్డాడు. జోలీన్ దూరం నుంచే గుర్తుపట్టింది.

“ఏం నాయనా, చేప పెట్టెలో పట్టలేదా? బడ్ చెప్పి చెప్పి పడీ పడీ నవ్వాడు. పందొమ్మిది అంగుళాలకి ఆరు పౌన్లంటగా! ఈ సరస్సులో అలాంటిది—”

“చేప లేదు,” అన్నాడు లెస్.

గట్టిగానే వచ్చింది. అతనికి మెల్లగా మాట్లాడటం చాతకాదు. వరసలో ఉన్నవాళ్ళు చూశారు.

“నాకు కూతురు పుట్టింది. జనవరిలో. పుట్టేటప్పటికే ప్రాణం లేదు. ఆ బరువు దానిదే, ఆ పొడుగు దానిదే. టెస్ అని పేరు. ఒక్క ఫోటో ఉంది, నలుపు తెలుపుది. నీ మిషనులో పచ్చగా వచ్చింది.”

జోలీన్ ముఖం మెడదాకా ఎర్రబడింది. చేతిలో ధరల చీటీలు అతికించే పరికరం ఉంది, అది ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

“నేనే అన్నాను కదా నీతో... నీకెందుకు అది అని.”

“నువ్వు అడిగావు. నేను చెప్పలేదు. నీది కాదు తప్పు.”

తప్పు ఎవరి మీదకైనా నెట్టే అవకాశం దొరికితే మన మనుషులు వదలరు. ఈ ఒక్కసారి అతను వదిలాడు. చేసినదానికి అది పదో వంతు పరిహారం కూడా కాదు.

“తెచ్చావా?” అంది జోలీన్. లెస్ పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. ఆవిడ బూడిద ఇంకుల మిషను దగ్గరికి నడిచి, జనానికి వీపు పెట్టి, కాగితం వచ్చే చోటికి అడ్డంగా నిలబడింది. ఈ మిషను కూడా అలాగే అటూ ఇటూ కదిలింది. టోపీ వచ్చింది, నుదురు వచ్చింది, కళ్ళు వచ్చాయి. జోలీన్ కాగితాన్ని అంచులు పట్టుకుని షాపు ట్యూబులైటు కింద చూసింది. గాజు తలుపు దాకా నడిచి పగటి వెలుతుర్లో చూసింది. రెండుచోట్లా ఒకే రంగు. దేవుడి దగ్గరికి పోయిందనీ, మళ్ళీ పుడుతుందనీ ఏమీ అనలేదు, అదే మేలు.

“జుట్టు బోలెడుంది,” అంది.

“టోపీ కింద ఇంకా ఉంది,” అన్నాడు లెస్. చెప్పాక, ఆ సంగతి తను ఇంతవరకూ ఏ మనిషితోనూ అనలేదని తోచింది. ఫోటో తీసుకుని, మార్చి ఇచ్చిన బూడిద ఇంకుల మిషను పెట్టె ఎత్తుకుని గబగబా బయటికి వచ్చేశాడు. బండి తలుపు తెరవడానికి తాళంచెవి దొరకలేదు, జేబులో ఉన్నా దొరకలేదు.

ఇంట్లో మార్నీ ఫోటోని దీపం కింద పెట్టింది. కిటికీ దగ్గర పెట్టింది. చాలాసేపు అక్కడే ఉంది.

“ఇదే,” అంది. “నాకు గుర్తున్నది ఇదే. నాది తప్పు కాదు.”

అతనితో అనలేదు, ఫోటోతో అంది. పచ్చటి కాగితాలు ఏం చెయ్యాలని లెస్ అడిగితే, “నీ దగ్గర పెట్టుకో,” అంది.

సోమవారం భోజనం వేళ లెస్ నోటీసు బోర్డు దగ్గరికి వెళ్ళి బొమ్మకి గుచ్చిన పిన్నులు పీకడం మొదలుపెట్టాడు.

“ఏయ్ ఏయ్, కళాఖండం రా అది!” అని అరిచాడు బడ్. “చేప బరువు తగ్గించమంటే తగ్గిస్తాలే, పీకకు!”

“ఈ బరువు మా అమ్మాయిది,” అన్నాడు లెస్, పిన్నులు పీకుతూనే. “నిలవలేదన్నానే, నిలిచింది. తొమ్మిది నెలలూ నిలిచింది. ప్రాణం లేకుండా పుట్టింది. టెస్. మీరు అడిగితే చేపదని చెప్పాను.”

ఎర్లీన్ సూపు మీంచి తలెత్తి, మళ్ళీ దించుకుంది. బడ్ లేచి వచ్చాడు. అంత మనిషీ చొక్కా అంచు నలుపుకుంటూ నిలబడ్డాడు.

“నేను ఐసు మీద... ఒరేయ్ లెస్, నాకు తెలియదురా.”

“తెలియదు. నేను చెప్పలేదు.”

“ఇటివ్వు. చింపేస్తా.”

“వద్దు. దాని బరువు దీని మీద ఉంది.”

కాగితాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. చేపతో సహా. తర్వాత ఇనపమెట్లెక్కి ఆఫీసులోకి వెళ్ళాడు. ఎప్పుడో అడగాల్సిన మూడు రోజులు ఇప్పుడు అడగడానికి. ఇస్తారో ఇవ్వరో తెలియదు. ప్రాణం లేకుండా పుట్టింది కుటుంబం కిందికి రాదంటారు, అలవాటే వాళ్ళకి. అప్పుడు బల్ల ఉండనే ఉంది.

బల్ల వెనక కూర్చున్న అమ్మాయి తలెత్తకుండానే నవ్వింది. నది పొంగే ఈ రోజుల్లో మెట్లెక్కి వచ్చిన ప్రతివాడూ ఒకే పని మీద వస్తాడు.

“సెలవా లెస్? ఇంకో పందొమ్మిది అంగుళాల వాలైకేనా?”

మొన్నటి మాట మళ్ళీ నాలుక మీదకి వచ్చింది. అంత తేలిక. ఆఁ అంటే చాలు.

“కాదు,” అన్నాడు. “నా కూతురికి.”

ఆ అమ్మాయి తలెత్తింది. నవ్వు ఇంకా పెదాల మీదే ఉంది, దాన్ని ఏం చెయ్యాలో తెలియలేదు. అతనూ ఆ నవ్వు వంకే చూస్తూ నిలబడ్డాడు, దాన్ని అక్కడ పెట్టింది తనేనని తెలిసి.